చుక్కల గీత

ప్లాంటు కాలనీ, ఇల్లు 41
జూన్ 6

అక్కా,

ముందు మంచి కబురు. మాకు ఇల్లిచ్చారు. రేకుల షెడ్డు కాదు, కాంక్రీటు కప్పున్న అచ్చమైన ఇల్లు. వాన పడుతుంటే ఇక నీ మరదలూ నేనూ అరుచుకుంటూ మాట్లాడుకోనక్కర్లేదు. పన్నెండేళ్లలో తొమ్మిది సైట్లు, తొమ్మిది షెడ్లు మారాం కదా, తాళం తీసి లోపల అడుగుపెట్టగానే తను గోడ మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. వంటగదికి పసుపు రంగు వేస్తానంటోంది. ఆఫీసు గోడలు, రంగులు మార్చకూడదే అంటే, "అయితే ఆ ఆఫీసునే వచ్చి వంట చెయ్యమను" అంది. చిట్టికి బడి నాలుగడుగుల దూరం. ఒకే బడిలో రెండేళ్లు వరసగా చదివే యోగం దానికి ఇన్నాళ్లకి పట్టేలా ఉంది.

నా పని మామూలే. మా తమ్ముడు అణువిద్యుత్ కేంద్రంలో పునాదుల ఫోర్‌మన్ అని నువ్వు అందరికీ గొప్పగా చెప్పుకుంటావు గానీ, నిజానికి నేను రాళ్లకి స్నానం చేయించేవాణ్ణి. గొయ్యి తవ్వాక అడుగున ఉన్న రాతిని శుభ్రంగా కడిగించాలి. రాళ్ల గురించి చదువుకున్న ఆఫీసరు దిగి చూసి సరేనన్నాకే కాంక్రీటు పొయ్యాలి. ప్లాంటు చాలావరకు ఎప్పుడో లేచింది, మిగిలింది పంపుహౌసే. మొన్న దాని గొయ్యి కడిగిస్తుంటే ఒక పగులు బయటపడింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉంది. లోపల రెండు వేళ్ల మందాన బూడిదరంగు మట్టి. నలిపితే సబ్బులా జారుతోంది. ఆ ఆఫీసరేమో పది రోజుల సెలవులో ఉన్నాడు, కాంక్రీటేమో సోమవారానికి పెట్టారు. ఇలాంటి మట్టి నువ్వెప్పుడైనా చూశావా? ఊరికే అడుగుతున్నాను.

నీ తమ్ముడు


భూకంప నమోదు కేంద్రం, కొండ మీద
జూన్ 10

ఒరేయ్ తమ్ముడూ,

పసుపు రంగు దాకా నవ్వుకుంటూ చదివాను. "ఊరికే అడుగుతున్నాను" అన్నచోట ఆగి, ఆ మట్టి సంగతి మళ్లీ చదివాను. చిన్నప్పుడు సిరాబుడ్డి పగలగొట్టి వచ్చి కూడా నువ్వు "ఊరికే" అనే మొదలెట్టేవాడివి.

అది మట్టి కాదు. రాయిని రాయి నూరితే వచ్చిన పిండి. ఆ పగులుకి అటుపక్క నేలా ఇటుపక్క నేలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదిలితేనే అలాంటి పిండి పుడుతుంది. రెండు వేళ్ల మందం కావాలంటే అది ఎన్నిసార్లు కదిలి ఉండాలో ఆలోచించు. ఇన్నిసార్లు కదిలింది ఇంకోసారి కదలనని నీకు మాటిచ్చిందా? దాని మీద ఏం కట్టినా రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. పంపుహౌసంటే మామూలు గది కాదు. లోపల అణు ఇంధనాన్ని చల్లబరిచే నీళ్లు అక్కణ్ణుంచే పోవాలి.

కాంక్రీటు ఆపించు. పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయించు. నీ చేత్తో కాగితం మీద రాసివ్వు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు.

నాన్న గుర్తున్నాడా? నువ్వు తొమ్మిదేళ్ల పిల్లాడివి, నాకు పద్నాలుగు. తాపీ పట్టినవాడు కాబట్టి ఏ గోడ నెర్రె ఇచ్చినా దాని మీద అడ్డంగా సన్నటి గాజుపట్టీ సిమెంటుతో అతికించేవాడు. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టు. "గోడ బుకాయిస్తుందమ్మా, గాజు బుకాయించలేదు" అనేవాడు. మన వీధి చివరి ఇంట్లో గాజు పగిలింది, గోడ పడగొట్టాలి అని చెప్పాడు. ఇంటాయన పూత వేసెయ్యమన్నాడు. భూకంపం వచ్చినప్పుడు నాన్న ఆ పూతే వేస్తున్నాడు. మన ఇల్లు నిలబడింది, ఆ గోడ మాత్రం ఆయన మీద పడింది. అప్పటి నుంచి నేల గుండె చప్పుడు వినడమే నాకు పనైపోయింది.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు మాట మారుస్తావు. రాయి.

అక్క


ప్లాంటు కాలనీ, ఇల్లు 41
జూలై 2

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి, ఆ రాళ్ల ఆఫీసరు సెలవు నుంచి రాకముందే, కాంక్రీటు పోసేశారు. పగుల్లోకి ముందు సిమెంటు పాలు పట్టించి, ఆ పైన పోయించారు. పోయించింది నేనే. సైటు ఇంజనీరుకి నోటితో చెప్పాను, రాసివ్వలేదు. ఆయన కోప్పడలేదు, పైగా టీ ఇప్పించి మ్యాపు పరిచి చూపించాడు. అది మీ ఆఫీసు మ్యాపే, ఇరవై రెండేళ్ల కిందటిది. నువ్వు చెప్పే పగులు ఆ మ్యాపులో ఉంది గానీ, గీతగా లేదు. చుక్కలుగా ఉంది. నిండు గీత అంటే పగులు ఖాయం అని, చుక్కలంటే అనుమానం అని కింద రాసుంది. "అనుమానాలకి కాంక్రీటు ఆపితే దేశంలో గోడ లేవదయ్యా" అన్నాడాయన.

నువ్వేమో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటావు. మీవాళ్ల మ్యాపే నాలుగో కాలు ఉందో లేదో తెలీదంటోంది. ఆ చుక్కలు పెట్టిన మహానుభావుడెవరో గానీ మనిద్దరికీ తగువు పెట్టాడు. నిండుగా గీసి ఉంటే ఇక్కడ ప్లాంటే వచ్చేది కాదు. అసలు గీయకపోతే నువ్వు నన్ను తిట్టేదానివి కాదు. కింద మీ పెద్దాఫీసరు సంతకం ఉంది గానీ, నడిచి చూసి గీసింది ఎవరో నీకు తెలుసా?

వంటగది పసుపు రంగు అయిపోయింది. ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూసి, బాగుందమ్మా అని కాఫీ తాగి వెళ్లాడు.

నీ తమ్ముడు


భూకంప నమోదు కేంద్రం
జూలై 15

తమ్ముడూ,

మ్యాపు గొడవ వదిలెయ్. అప్పట్లో ఎవరో గీశారు. చుక్కలంటే పగులు లేదని కాదు, తేల్చలేదని.

అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు చెయ్యగలిగింది ఒకటుంది. ఆ పంపుహౌసు కింద పైపులు పోయే సొరంగం కడతారు కదా. పగులు ఎక్కడ దాటుతుందో నీకు తెలుసు. గోడ మీద సరిగ్గా అక్కడ నాన్న పెట్టినట్టు గాజుపట్టీ పెట్టు. తేదీ వెయ్యి. పగిలితే ఆ ముక్కలు పారెయ్యకు.

చిట్టికి ముద్దులు.

అక్క


ప్లాంటు కాలనీ, ఇల్లు 41
నవంబరు 20

అక్కా,

ఆలస్యమైంది, తిట్టకు. సొరంగం పూర్తయింది. నువ్వు చెప్పినచోట ఆగస్టులోనే వెంట్రుకంత నెర్రె కనిపించింది. సైటు ఇంజనీరుకి నాన్న సంగతి చెబితే ముచ్చటపడి, పెట్టుకో, రిజిస్టర్లో కూడా రాసుకుందాం అన్నాడు. మా ఇంటి అద్దం పాతదొకటి ఉంటే కోయించి పెట్టాను.

ఇరవై రోజులకి అది పగిలింది. కొత్త కాంక్రీటు ఆరేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది, కంగారు పడకు అన్నారు. నిజమే, ముడుచుకుంటుంది. కొత్తది పెట్టాను. అక్టోబరులో అదీ పగిలింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు గప్‌చుప్‌గా ఇంకోటి పెట్టాను. రిజిస్టర్లో "గాజు బాగుంది" అని రాశాను. అబద్ధం కాదు, రాసే సమయానికి బాగానే ఉంది.

నిన్న మూడోదీ పగిలింది.

ముక్కలన్నీ తేదీలు వేసి చిట్టి బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఇంకో సంగతి. చల్లబరిచే నీళ్లకి రెండు పైపులున్నాయి, ఒకటి పాడైతే ఇంకోటి అని. రెండూ ఇదే సొరంగంలోంచి పోతాయి. ఈ ఉత్తరం ఎవరికీ చూపించనని ఒట్టు వెయ్యి.

నీ తమ్ముడు


భూకంప నమోదు కేంద్రం
డిసెంబరు 3

తమ్ముడూ,

ఒట్టు వేశాను. కానీ నువ్వూ ఒకటి వెయ్యాలి.

ఇంధనం పెట్టేముందు ఫిబ్రవరి 9న బహిరంగ విచారణ ఉంది. మా ఆఫీసు తరఫున నన్ను మాట్లాడమన్నారు. నేను పగులుందంటాను, వాళ్లు చుక్కలే కదా అంటారు. నా మాటకి విలువ రావాలంటే నీ డబ్బా కావాలి. నువ్వే తీసుకొచ్చి బల్ల మీద పెట్టాలి. పెట్టినవాడే చెప్పాలి, లేకపోతే ఏ కిటికీ అద్దం ముక్కలో అంటారు.

ఉద్యోగం పోతుందేమో. నేను పోదని చెప్పను. ఇల్లు ఖాళీ చేయిస్తారు కూడా. నా దగ్గరికి రండి. రెండు గదుల క్వార్టరే, కానీ కొండగాలి మంచిది. చిట్టిని ఇక్కడి బళ్లో వేద్దాం. నాకేం పిల్లలా పీచులా, దాని జడ వెయ్యడమైనా నేర్చుకుంటాను.

అక్క


ప్లాంటు కాలనీ, ఇల్లు 41
జనవరి 11

అక్కా,

వస్తాను. డబ్బాతో వస్తాను. నీ మరదలికి ఇంకా చెప్పలేదు. తను వంటగది కిటికీకి కర్టెన్ కుడుతోంది. కుట్టడం అయ్యాక చెప్తాను.

ఇప్పటికి ఐదు పట్టీలు పగిలాయి.

నీ తమ్ముడు


భూకంప నమోదు కేంద్రం
ఫిబ్రవరి 12

తమ్ముడూ,

హాల్లో మూడో వరసలో నీకోసం కుర్చీ పట్టి ఉంచాను. దాని మీద నా సంచి పెట్టాను. ముగ్గురు వచ్చి ఖాళీయేనా అని అడిగితే, మా తమ్ముడు వస్తున్నాడు అన్నాను.

నువ్వు రాలేదు, నీ కాగితం వచ్చింది. "ఆగస్టులో పెట్టిన గాజుపట్టీ నేటివరకూ చెక్కుచెదరలేదు" అని కింద నీ సంతకం. కమిటీవాళ్లు ముందురోజే సొరంగంలోకి దిగి చూశారట. గాజు మెరుస్తోందని వాళ్ల పెద్ద సంతోషంగా చెప్పాడు. ఆరు నెలలు తడి సొరంగంలో ఉన్న గాజు మెరుస్తుందా? ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే నిన్ను పట్టివ్వాలి, పైగా నీకు వేసిన ఒట్టొకటి. తర్వాత ఆ మ్యాపు నా ముందు పరిచి, అమ్మా, ఇవి చుక్కలే కదా అన్నారు. అవునన్నాను.

పొద్దున్నే వెళ్లి కొత్త గాజు అతికించి వచ్చావు కదూ. నాన్న నేర్పిన పనితోనే ఆ పని చేశావు. కొన్నాళ్లు నాకు రాయకు.

అక్క


ప్లాంటు కాలనీ, ఇల్లు 41
మార్చి 30

అక్కా,

రాయకన్నావు, రాస్తున్నాను. చదవకుండా పెట్టెలో పడేసినా సరే.

ఆ పొద్దున డబ్బా సంచిలో పెట్టుకునే బయల్దేరాను. గుమ్మంలో చిట్టి ఎదురొచ్చి, "నాన్నా, మా టీచరు నన్ను వచ్చే ఏడు కూడా ఇదే బెంచీలో కూర్చోబెడతానంది" అంది. అంతే. ఇంకేం లేదు. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ చూపించలేదు. బస్టాపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఆఫీసుకెళ్లి ఆ కాగితం మీద సంతకం పెట్టాను. గాజు ముందురోజే మార్చాను. ఎందుకు మార్చానని అడిగితే అలవాటైపోయింది అని చెప్పగలను, అంతకంటే సిగ్గుచేటు ఏముంది?

నాన్న మీద నాకు ఇన్నాళ్లూ కోపముండేది, తెలిసి తెలిసి పూత ఎందుకు వేశాడా అని. ఇప్పుడు లేదు.

ఇంధనం పెట్టేశారు. ప్రతి ఆదివారం సొరంగంలోకి వెళ్లి చూసి వస్తున్నాను. చిట్టికి పై పన్ను ఊడింది. అత్తకి చూపించాలి, దాచమంది.

నీ తమ్ముడు


జిల్లా ఆసుపత్రి, రెండో అంతస్తు
సెప్టెంబరు 21

వదినా,

చేతిరాత నాది, మాటలు ఆయనవి. ఆయన్ని అద్దాల గదిలో ఉంచారు. రేడియేషన్ అంటిన లోపలి కాగితం బయటికి రాకూడదట. ఆయనకి రోగం తట్టుకునే శక్తి పోయిందని బయటివి కూడా లోపలికి ఇవ్వడం లేదు. ఆయన పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనిస్తే నేను ఇవతల దింపుకుంటున్నాను.

అక్కా,

అద్దానికి ఇటు నేను, అటు నీ మరదలు. నాన్న చూస్తే "ఏ పగులు మీద పెట్టార్రా ఇంత పెద్ద గాజు" అనేవాడు.

భూకంపం నీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. పొద్దున పదిన్నర. పెద్దది కాదని రేడియోలో చెప్పారు, కాలనీలో ఒక్క ఇల్లూ పడలేదు. నువ్వు చెప్పినట్టే సొరంగం మాత్రం గాజు దగ్గర జానెడు పక్కకి జరిగింది. పైపులు రెండూ తెగాయి. నీళ్లు ఆగిపోయాయి. లోపల వేడి పెరిగి మధ్యాహ్నానికి ఆవిరి బయటికి కొట్టింది. ఊరు ఖాళీ చేయించారు. తెగిన చోటు దాటించి గొట్టాలు వెయ్యాలంటే ఎక్కడ తెగిందో తెలియాలి. కళ్లు మూసుకుని చూపించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నలుగురం దిగాం. గొట్టాలు వేశాం, నీళ్లు పోయాయి. అందులో గొప్పేం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, ఈసారి చేతులు నిజంగానే కాలాయి.

మొదటి వారం బాగానే ఉంది, ఇంటికి పంపేస్తారనుకున్నాను. మూడు రోజుల నుంచి బాగాలేదు.

ఖాళీ చెయ్యడానికి ఇరవై నిమిషాలు టైమిచ్చారట. నీ మరదలు చిట్టి పుస్తకాలు వదిలేసి బిస్కెట్ల డబ్బా తెచ్చింది, నేను ఎప్పుడూ జాగ్రత్తగా దాస్తుంటే విలువైందేదో అనుకుని. ఏడు పట్టీలున్నాయి.

మన ఇంట్లో తప్పు చెయ్యనిదానివి నువ్వొక్కదానివే. వేలమంది ఊరు వదిలి పోయారక్కా. అదంతా నా వల్ల. క్షమించానని ఒక్క ముక్క రాయి. పెద్ద అక్షరాలతో రాయి, ఇక్కడి నుంచి కనబడేలా.

నీ తమ్ముడు


భూకంప నమోదు కేంద్రం
సెప్టెంబరు 23

మరదలా,

రికార్డులు తీసుకెళ్లే జీపు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. వంతెన దెబ్బతిని బస్సులు లేవు. గంటకోసారి నేల కదులుతోంది, చూసేదాన్ని నేనొక్కదాన్నే. గురువారం నా బదులు మనిషి వస్తాడు. అదే జీపులో వచ్చేస్తాను. ఈ నాలుగు కాగితాలూ ఒకదాని తర్వాత ఒకటి అద్దానికి ఆనించి వాడికి చూపించు.

(మొదటి కాగితం)
తమ్ముడూ, కనబడుతోందా? కళ్లజోడు పెట్టుకో, బడాయి పోకు. గురువారం వస్తాను.

(రెండో కాగితం)
మార్చిలో నువ్వు రాసింది చదివాను. పెట్టెలో పడెయ్యలేదు. తలగడ కింద ఉంది. జవాబు రాయనందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. చిట్టి పన్ను దాచమను.

(మూడో కాగితం)
క్షమించానని రాయమన్నావు. ఆ మాట రాసే హక్కు నాకు లేదు. ఎందుకో చెప్తాను. మరదలా, కాగితం తిప్పు.

(నాలుగో కాగితం)
ఆ చుక్కలు పెట్టింది నేనే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, ఉద్యోగంలో మొదటి ఏడు. ముప్పై ఒక్క రోజులు ఆ లోయంతా నడిచాను. వాగు గట్టున ఆ సబ్బుమట్టి నా వేళ్లతో నలిపాను. నిండు గీతే గీశాను. పెద్దాఫీసరు చూసి, ఇలా గీస్తే పైవాళ్లకి నచ్చదు, ప్రస్తుతానికి చుక్కలు పెట్టమ్మా, తర్వాత చూద్దాం అన్నాడు. రబ్బరుతో చెరిపి పద్నాలుగు చుక్కలు పెట్టాను. నువ్వు అడిగినప్పుడు చెప్పలేదు. విచారణలో చెప్పలేదు. కుర్చీ పట్టి నీకోసం చూశాను గానీ నా నోరు నేను తెరవలేదు. నువ్వు గాజు మార్చకముందే, నువ్వు ఆ గొయ్యి కడగకముందే ఈ తప్పు నా చేతుల్లో జరిగింది. దీన్ని నువ్వొక్కడివే మోయకు. సగం నాది. సగానికి ఎక్కువే. నన్ను నువ్వు క్షమించాలి, నాన్నా.

అక్క


జిల్లా ఆసుపత్రి
సెప్టెంబరు 24

వదినా,

మొదటిదానికి నవ్వారు. రెండోదానికి చిట్టిని చూపించమని సైగ చేశారు, అది నోరు తెరిచి, ఊడినచోట వచ్చిన కొత్త పన్ను చూపించింది. మూడోది చదివారు. తిప్పుతున్నాను, తిప్పుతున్నాను అని అద్దం మీద తట్టాను. తల పక్కకి వాలింది. లోపల నర్సులు పరిగెత్తుకొచ్చారు, ఎవరో తెర లాగారు.

తెర మళ్లీ తీస్తారని నాలుగోది అద్దానికి ఆనించి పట్టుకునే ఉన్నాను. ఎంతసేపున్నానో తెలీదు, తెర ఇక తియ్యలేదు. చెయ్యి లాగేసి దింపినప్పుడు దాన్ని నేను చదివాను.

మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను వదినా. అనే ఓపిక లేదు. గురువారం రండి, చిట్టి మిమ్మల్నే అడుగుతోంది. మీరొచ్చేసరికి బిస్కెట్ల డబ్బా సిద్ధంగా ఉంచుతాను. ఏడు పట్టీల పైన మీ నాలుగో కాగితం కూడా మడిచి పెట్టాను. ఎవరికివ్వాలో మీకు తెలుసు. రెండూ కలిపే ఇవ్వండి.

మీ మరదలు